ఉప్పుమూట ఎక్కిన వ్యోమనౌక

అంతరిక్షం దాకా వెళ్ళి వచ్చిన నౌకకు భూమ్మీద ఈ ఊరి నుంచి ఆ ఊరికి వెళ్ళడం చేతకాదా? 2012 ఏప్రిల్‌లో, మళ్ళీ సెప్టెంబరులో పత్రికల్లో వచ్చిన ఫొటోలు చూసినవాళ్ళకు ముందుగా తోచే ప్రశ్న ఇదే. ఓ పెద్ద బోయింగ్ 747 విమానం, దాని వీపు మీద పొట్టి రెక్కల స్పేస్ షటిల్. అన్న వీపు మీద తమ్ముడు ఉప్పుమూట ఎక్కినట్టు.

ఉప్పుమూట అన్న మాట ఊరికే వాడలేదు. సంతకు నిజంగా ఉప్పు మోసుకెళ్ళేవాడికి మూడు దిగుళ్ళుంటాయి: బరువు, దూరం, వాన. షటిల్‌ను మోసిన విమానానికీ సరిగ్గా ఆ మూడే దిగుళ్ళు. వాటిని అర్థం చేసుకున్నవాళ్ళు అది ఏ రోజు కదిలే వీలుందో, ఎక్కడెక్కడ ఆగుతుందో, ఏ మేడెక్కి చూడాలో చాలావరకు తామే తేల్చుకోగలిగేవారు. జీవితంలో ఒక్కసారి, అదీ కొద్ది క్షణాలు కనబడే దృశ్యానికి ఆ మాత్రం లెక్క అవసరం. ఎండీవర్ అనే నౌక మ్యూజియానికి చేరిన దారిలో ఆ లెక్కను నేర్చుకుందాం.

ఇంధనం లేని ఇంజన్లు

షటిల్ తోక దగ్గర మూడు పెద్ద ఇంజన్లు కనబడతాయి. అవి ఉండగా ఎందుకు ఎగరలేదంటే, వాటికి కావలసిన ఇంధనం నౌకలో లేదు. ప్రయోగం రోజున నౌక పొట్టకు ఆనుకుని నారింజ రంగులో ఓ పెద్ద ట్యాంకు నిలబడి ఉండేది. అందులో ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్. పైకి లేచిన ఎనిమిదిన్నర నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. ఖాళీ ట్యాంకును అక్కడే వదిలేసేవారు. ఆ తర్వాత పెద్ద ఇంజన్లకు ఇక పని లేదు. కక్ష్యలో అటూ ఇటూ జరగడానికి చిన్న ఇంజన్లు వేరే ఉండేవి, వాటి బలం ఆ పనికే సరి.

తిరిగి వచ్చేటప్పుడు షటిల్‌ది ఇంజన్ లేని జారుడు ప్రయాణం. తిరుమల ఘాట్ రోడ్డు మీద తొక్కకుండా సైకిల్ దిగినట్టు అనుకోండి. కాకపోతే వాలు మరీ ఎక్కువ. ప్రయాణికుల విమానం మూడు డిగ్రీల వాలులో నెమ్మదిగా రన్‌వే మీదికి దిగితే, షటిల్ దాదాపు ఇరవై డిగ్రీల వాలులో దూసుకొచ్చేది. రన్‌వే తప్పితే మళ్ళీ లేచి చుట్టు తిరిగి రావడమనేది లేదు. రెక్కలున్నాయి గనక దాన్ని విమానమని అనుకుంటాం. దిగడానికే తప్ప ఎక్కడానికి పనికిరాని రెక్కలవి.

తొలి నమూనాల్లో మామూలు జెట్ ఇంజన్లు కూడా తగిలించాలని అనుకున్నారు. అంత బరువును కక్ష్య దాకా మోసుకెళ్ళి, మళ్ళీ దింపి, అప్పుడు వాడుకోవడం దండగని మానుకున్నారు. నా దృష్టిలో షటిల్ చరిత్రలో తీసుకున్న తెలివైన నిర్ణయాల్లో ఇదొకటి. అయితే దానితో ఒక చిక్కు వచ్చింది. ఫ్లోరిడాలో వాతావరణం బాగా లేకపోతే షటిల్ కాలిఫోర్నియా ఎడారిలోని ఎడ్వర్డ్స్ స్థావరంలో దిగేది. అక్కడి నుంచి మళ్ళీ ప్రయోగ వేదికకు చేరాలంటే దేశమంతా దాటాలి, సుమారు 4,000 కిలోమీటర్లు. రెక్కల వెడల్పే 24 మీటర్లు, ఏ రహదారి పడుతుంది? 2007 జూన్ 22న వ్యోమగామి సునీతా విలియమ్స్‌ను తీసుకుని అట్లాంటిస్ అనే షటిల్ దిగింది కూడా ఎడ్వర్డ్స్‌లోనే. సునీత ఇంటికి చేరాక అట్లాంటిస్ 747 వీపెక్కి ఫ్లోరిడా బయలుదేరింది.

బరువు: వీపు మీద పదిహేను ఏనుగులు

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఈ పనికోసం 1974లో ఒక పాత ప్రయాణికుల విమానాన్ని కొన్నది, అమెరికన్ ఎయిర్‌లైన్స్ నడిపిన బోయింగ్ 747. దాన్ని మనం మోత విమానం అందాం. తర్వాత జపాన్ ఎయిర్‌లైన్స్ వాడిన ఇంకో 747 దానికి తోడైంది. ఖాళీ షటిల్ డెబ్బై టన్నులకు పైమాటే, దాదాపు పదిహేను ఏనుగుల బరువు. అందుకని లోపలి సీట్లన్నీ దాదాపుగా ఊడబెరికి, ఒంటిని లోపలి నుంచి బలపరిచి, వీపు మీద మూడు చోట్ల ఉక్కు కాళ్ళు నిలబెట్టారు. ముందు ఒకటి, వెనక రెండు. నారింజ ట్యాంకు తగులుకునే కొక్కేలు షటిల్ పొట్టకింద ఎలాగూ ఉన్నాయి, ఇవీ మూడే. కొత్త రంధ్రం ఒక్కటీ చెయ్యకుండా ఆ కొక్కేలకే ఈ కాళ్ళను బిగించారు. ఆ కాళ్ళ దగ్గర పనివాళ్ళు రాసిపెట్టిన సూచన ఒకటి ప్రసిద్ధికెక్కింది: షటిల్‌ను ఇక్కడ తగిలించాలి, గమనిక, నల్ల వైపు కిందికి. ఏళ్ళ తరబడి ఒకే పనిని ప్రేమగా చేసినవాళ్ళకే తట్టే చమత్కారమది.

బరువు మోయడం కంటే గాలిని సర్దడం కష్టం. లారీ వెనకాలే మోటార్‌సైకిల్ మీద వెళ్ళినవాళ్ళకు తెలుసు. ఎదురుగాలి తగలదు గానీ సుడులు తిరిగే గాలి బండిని అటూ ఇటూ ఊపేస్తుంది. మోత విమానం తోకకు ఇదే అనుభవం. తోక మీద నిలువుగా ఉండే రెక్క విమానం ముక్కును నేరుగా ఉంచుతుంది, పడవకు చుక్కాని లాగ. ఎదురుగా షటిల్ కూర్చుంటే దానికి శుభ్రమైన గాలి అందదు. అందుకని తోక దగ్గరి అడ్డ రెక్కల కొసల్లో, షటిల్ చాటుకు అవతల, మరో రెండు నిలువు రెక్కలు బిగించారు. ఫొటోల్లో ఆ విమానానికి మూడు తోకలున్నట్టు కనబడటం ఇందుకే.

షటిల్ వెనకభాగం మొద్దుగా, మూడు ఇంజన్ల గొట్టాలతో ఉంటుంది. అక్కడ గాలి చిందరవందరై విమానాన్ని వెనక్కి లాగుతుంది. ఇంగ్లీషులో డ్రాగ్ అనే ఈ లాగుడును మనం గాలి ఈడ్పు అనవచ్చు. దాన్ని తగ్గించడానికి వెనక కోసుగా ఒక తోక తొడుగు తగిలించేవారు. మ్యూజియాలకు వెళ్ళిన ప్రయాణాల్లో ఆ తొడుగు ఇంకో సంగతినీ దాచింది. అసలు ఇంజన్లను అప్పటికే విప్పి, తర్వాతి రాకెట్ల కోసం భద్రపరిచారు. షటిల్ యాత్రల్లో పనిచేసిన ఇంజన్లే 2022 నవంబరులో ఆర్టెమిస్-1 యాత్ర నౌకను చంద్రుడి వైపు తోశాయి. మ్యూజియంలో సందర్శకులకు కనబడే గొట్టాలు నమూనాలు.

ఈ జోడీ తొలి పరీక్షలు వేరే పనికి జరిగాయి. షటిల్ నిజంగా జారుతూ దిగగలదా అని చూడటానికి, అంతరిక్షానికి ఎన్నడూ వెళ్ళని ఎంటర్‌ప్రైజ్ అనే నౌకను మోత విమానం పైకి తీసుకెళ్ళి, 1977 ఆగస్టు 12న గాలిలోనే వదిలిపెట్టింది. వ్యోమగాములు ఫ్రెడ్ హేజ్, గోర్డన్ ఫుల్లర్టన్ దాన్ని ఎడారిలో క్షేమంగా దించారు. ఇదే ఆలోచనతో మన ఇస్రో, పుష్పక్ అనే తన రెక్కల నౌకను హెలికాప్టర్‌కు వేలాడదీసి, కర్ణాటకలోని చళ్ళకెరె దగ్గర నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తు నుంచి వదిలింది. పుష్పక్ తనంతట తానే రన్‌వే వెతుక్కుని దిగింది. మనవాళ్ళు వీపు మీద కాకుండా చంకన ఎత్తుకున్నారు, అంతే తేడా.

దూరం: ఎక్కడ ఆగుతుందో ముందే తెలిసిపోతుంది

నెత్తిన బరువున్నవాడు వేగంగా నడవలేడు, ఎక్కువ దూరమూ నడవలేడు. వీపు ఖాళీగా ఉంటే మోత విమానం ఒక్క బిగిన సుమారు 10,000 కిలోమీటర్లు పోగలిగేది. షటిల్ ఎక్కితే 1,850 కిలోమీటర్లు దాటలేకపోయేది. మామూలు విమానాలు పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పోతుంటే, ఇది నాలుగు, నాలుగున్నర కిలోమీటర్ల దగ్గరే ఉండిపోయేది. ఇంకా పైకి ఎక్కాలంటే ఇంజన్లకు శక్తి చాలేది కాదు. పైగా లోపల ఎవరూ లేని షటిల్‌ను పైనున్న గడ్డకట్టే చలికీ పలచని గాలికీ అప్పగించడం మంచిది కాదు.

చూడాలనుకునేవాళ్ళకు ఇది వరం. ఫ్లోరిడా నుంచి లాస్ ఏంజెలెస్ దాకా ఒక్క దూకులో పోలేదు గనక మధ్యలో దిగాలి. దిగే చోట పొడవైన రన్‌వే ఉండాలి, కాపలా ఉండాలి, ఇంధనం ఉండాలి. పటం ముందేసుకుని ఫ్లోరిడా చుట్టూ 1,850 కిలోమీటర్ల వృత్తం గీస్తే అనుమానించదగ్గ ఊళ్ళు కొన్నే మిగులుతాయి. 2012 సెప్టెంబరులో ఎండీవర్ హ్యూస్టన్‌లోని ఎల్లింగ్టన్ ఫీల్డ్‌లో రాత్రి బస చేసింది, ఎల్ పాసోలో ఇంధనం పోసుకుంది, ఎడ్వర్డ్స్‌లో మరో రాత్రి గడిపింది. రాత్రి బసలు ఎందుకంటే, ఈ జోడీ పగటి వెలుతురులో తప్ప ఎగిరేది కాదు.

వాన: ముహూర్తం ఎవరి చేతిలో ఉంది

ఇప్పుడు అసలు ఉప్పుమూట సంగతి. షటిల్ తిరిగి వచ్చేటప్పుడు ముందున్న గాలి నొక్కుకుపోయి పుట్టే వేడికి ఒళ్ళంతా కాలిపోకుండా దానికి తాపపు పలకలు అతికించారు. ఒక్కో నౌకకు సుమారు 24,000. ఇసుకలో ఉండే సిలికాను సన్నని పోగులుగా తీసి, వాటిని దిమ్మలుగా కాల్చి చేసిన పలకలివి. చేతిలోకి తీసుకుంటే బొరుగుల ఉండ అంత తేలిక, ఎందుకంటే పలకలో పదింట తొమ్మిది వంతులు ఖాళీయే. ఆ ఖాళీయే వేడిని లోపలికి పోనివ్వదు. కొలిమిలోంచి తీసిన పలక నడుమ ఎర్రగా మండుతుండగా మూలలను ఒట్టి చేత్తో పట్టుకోవచ్చు.

వెయ్యి డిగ్రీల మంటను ఓర్చుకునే ఈ పలక వాన చినుకుకు ఓర్చుకోలేదు. విచిత్రంగా ఉంటుంది గానీ కారణం తేలికే. పలక పైన గాజు పూత పలచగా ఉంటుంది. గంటకు 400 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతున్నప్పుడు ఎదురొచ్చే చినుకు మెత్తని నీటిబొట్టులా తగలదు, గులకరాయిలా తగులుతుంది. వానలో మోటార్‌సైకిల్ నడిపినవాళ్ళ ముఖానికి ఈ సంగతి కొంత తెలుసు. పూత చితికితే లోపలి బోలు దిమ్మ నీళ్ళు పీల్చుకుంటుంది, స్పాంజిలా.

అందువల్ల మోత విమానానికి ముందు, సుమారు నూట అరవై కిలోమీటర్ల దూరంలో ఇంకో విమానం దారి చూస్తూ పోయేది. పాత్‌ఫైండర్ అని పిలిచే ఆ విమానం మబ్బు ఎక్కడుంది, వాన ఎక్కడుంది అని వెనకవాళ్ళకు చెబుతూ ఉండేది. పల్లకీ ముందు నడుస్తూ దారిలో రాయీ రప్పా చూసి చెప్పే మనిషి లాగ.

ఎండీవర్ 2012 సెప్టెంబరు 17న బయలుదేరాలి. దారిలో వాతావరణం బాగాలేక రెండు రోజులు ఆగి, 19న సూర్యోదయ వేళ ఫ్లోరిడాను వదిలింది. ఇలాంటిది చూడాలని సెలవు పెట్టేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే: ప్రకటించిన తేదీని పెళ్ళి ముహూర్తంలా చూడకండి, వానాకాలంలో నాట్ల తేదీలా చూడండి. ముందూ వెనకా రెండు రోజులు చేతిలో ఉంచుకోండి. మీ ఊళ్ళో ఎండ కాస్తోంది గదా అని నమ్మకండి. దానికి ముందున్న ఊరి ఆకాశాన్ని చూడండి, ఆపేది అదే.

ఎక్కడ నిలబడాలి

ఊరి మీదుగా చూపించాలని అనుకున్నప్పుడు మోత విమానం సుమారు 1,500 అడుగులకు, అంటే 450 మీటర్లకు దిగి పోయేది. 2012 ఏప్రిల్ 17న డిస్కవరీ వాషింగ్టన్ మీద అలాగే తిరిగింది. 39 యాత్రలు చేసి, మొత్తం ఒక సంవత్సరం అంతరిక్షంలో గడిపిన నౌక అది. నగరం పనులు మానుకుని తల పైకెత్తింది.

450 మీటర్ల ఎత్తులో అది ఎంత పెద్దగా కనబడుతుంది? చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగించి చూడండి. 70 మీటర్ల పొడవున్న ఆ విమానం సరిగ్గా నడినెత్తిన ఉంటే దాదాపు ఆ పిడికిలిని నింపుతుంది. అబ్బురమే. కానీ వేగం గంటకు 400 కిలోమీటర్లు అనుకుంటే, సెకనుకు 110 మీటర్లు. నడినెత్తికి ఇటు వైపు ఆకాశంలో సగం ఎత్తు నుంచి అటు వైపు సగం ఎత్తు దాకా ఎనిమిది సెకన్లలో దాటిపోతుంది. జేబులోంచి ఫోను తీసేలోపు అయిపోతుంది.

అదే మీరు దాని బాటకు రెండు కిలోమీటర్లు పక్కకు జరిగారనుకోండి. పరిమాణం తగ్గుతుంది, నిజమే, అయినా నాలుగు చందమామలను పక్కపక్కన పేర్చినంత ఉంటుంది. దానికి బదులు అదే మేర ఆకాశాన్ని దాటడానికి ముప్పై ఆరు సెకన్లు తీసుకుంటుంది. మెడ విరగకుండా పక్క నుంచి షటిల్ ముక్కు, రెక్క, తోక తొడుగు, కింద 747 కిటికీల వరుస అన్నీ చూడవచ్చు. నన్నడిగితే రెండోదే మేలు. దేవుడి రథం కిందే నిలబడ్డవాడికి చక్రాలు కనబడతాయి, ఎదుటి అరుగు మీద నిలబడ్డవాడికి రథం కనబడుతుంది.

శబ్దాన్ని నమ్ముకోవద్దు. నాలుగు కిలోమీటర్ల దూరం నుంచి చప్పుడు మన చెవికి చేరడానికి పన్నెండు సెకన్లు పడుతుంది. ఈలోగా విమానం కిలోమీటరుకు పైగా ముందుకు పోతుంది. చెవి చూపించిన చోట కన్ను వెతికితే ఖాళీ ఆకాశమే కనబడుతుంది. చాపిన చేతితో చప్పుడు వచ్చిన దిక్కు నుంచి రెండు పిడికిళ్ళ మేర ముందుకు చూడాలి. సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకోవాలి, లేకపోతే నల్లని నీడ తప్ప ఏమీ తెలియదు.

ఎత్తైన చోటు కావాలి, పడమర తూర్పులు రెండూ తెరిపిగా ఉండాలి. సెప్టెంబరు 20న ఎండీవర్ అరిజోనాలోని టూసాన్ మీదుగా వెళ్ళినప్పుడు, దాని ఆఖరి యాత్రకు నాయకుడైన మార్క్ కెల్లీ తన భార్య గాబ్రియెల్ గిఫర్డ్స్‌తో కలిసి చూసింది విశ్వవిద్యాలయంలో కార్లు నిలిపే మేడ మీది నుంచి. 2011 జనవరిలో ఆమె తలకు తుపాకి గుండు తగిలింది. అదే ఏడాది మే నెలలో భర్త ఈ నౌకలోనే అంతరిక్షానికి వెళ్తుంటే ఆమె వచ్చి చూసింది. ఆ ఊరి మీదుగా పోవాలన్నది ఆయన కోరికే. మేడ ఎంపిక కూడా నాకు నచ్చింది. నాలుగు వైపులా తెరిపి, అడ్డం ఏమీ లేదు.

మర్నాడు 21న శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో పొగమంచు కమ్ముకుందని ఎడ్వర్డ్స్ నుంచి బయలుదేరడమే గంటసేపు ఆలస్యం చేశారు. తొందరపడి ఇళ్ళకు తిరిగి వెళ్ళినవాళ్ళు నష్టపోయారు. నిలబడినవాళ్ళకు మంచు విడిచాక గోల్డెన్ గేట్ వంతెన మీద అది కనబడింది. ఆ పైన మౌంటెన్ వ్యూ పక్కనున్న నాసా ఏమ్స్ కేంద్రం మీదుగా వెళ్ళింది. సన్నీవేల్ దానికి కూతవేటు దూరం. మన తెలుగు కుటుంబాలు ఎన్నో కాపురముంటున్న చోటది. అక్కడి నుంచి లాస్ ఏంజెలెస్ చేరి, హాలీవుడ్ అక్షరాల కొండ మీద, గ్రిఫిత్ వేధశాల మీద తిరిగి, మధ్యాహ్నం ఒంటిగంట కావస్తుండగా విమానాశ్రయంలో దిగింది. షటిల్‌ను మోసుకుని 747 చేసిన ప్రయాణాల్లో అదే ఆఖరిది.

దిగాక

విమానాశ్రయం నుంచి మ్యూజియానికి 19 కిలోమీటర్లు. అక్టోబరు 12న మొదలై మూడు రోజులు పట్టింది. నడక కంటే తక్కువ వేగం. రెక్కలకు అడ్డమొచ్చే చెట్లు దాదాపు 400 కొట్టారు, అంతకు మించి నాటుతామని మాటిచ్చారు. నీడను పోగొట్టుకున్న వీధులవాళ్ళకు కోపం రావడం న్యాయమే. అయినా వాళ్ళే కుర్చీలు వేసుకుని, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని దాని కోసం కాచుకున్నారు. రెక్క కొస తమ వాకిలి ముందు నుంచి కదిలిపోతుంటే చూశారు. 2024 జనవరిలో ఎండీవర్‌ను క్రేన్లతో ఎత్తి, ప్రయోగానికి సిద్ధంగా ఉన్నట్టు ట్యాంకుతో, బూస్టర్లతో సహా నిలువుగా నిలబెట్టారు. అలా నిలబడి ఉన్న అసలు షటిల్ ప్రపంచంలో అదొక్కటే.

సోవియట్లు తమ షటిల్ బురాన్‌ను మోయడానికి అన్టొనోవ్-225 అనే మహాకాయ విమానాన్ని తయారు చేసుకున్నారు. 1988లో అంతరిక్షానికి వెళ్ళి వచ్చిన బురాన్ 2002లో షెడ్డు పైకప్పు కూలి నుజ్జయింది. మోసిన విమానం 2022లో యుక్రెయిన్ యుద్ధంలో కాలిపోయింది. ఆ జోడీలో దేన్నీ ఇక ఎవరూ చూడలేరు.

అమెరికా మోత విమానాలకు ఆ గతి పట్టలేదు. జపాన్ నుంచి వచ్చినది కాలిఫోర్నియాలోని పామ్‌డేల్‌లో ఉంది. 2012లో డిస్కవరీ, ఎంటర్‌ప్రైజ్, ఎండీవర్‌లను చివరిసారి మోసిన మొదటిదాన్ని విడదీసి, 2014లో రోడ్డు మీదుగా హ్యూస్టన్ అంతరిక్ష కేంద్రానికి తరలించి మళ్ళీ అతికారు. షటిల్ యాత్రలను నడిపించిన ఆ ఊరికి ఒక్క షటిల్ కూడా దక్కలేదన్న బాధ అక్కడివాళ్ళకు ఇప్పటికీ ఉంది. అందుకని ఆ విమానం వీపు మీద షటిల్ నిలువెత్తు నమూనా ఒకటి కూర్చోబెట్టారు. లోపలికి వెళ్ళవచ్చు, సీట్లు ఊడబెరికిన ఆ ఖాళీలో నడవవచ్చు. జోడీ ఆరుబయటే నిలబడి ఉంది. హ్యూస్టన్‌లో వాన గట్టిగా కురుస్తుంది. నమూనాకు అసలు పలకలు లేవు గనక ఇప్పుడు వాన వచ్చినా ఎవరూ పరిగెత్తరు.